చెఱసాలలోని మొఱ



ఖమ్మము నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, మధిరకు ఇవతల, బోనకల్ అను ఊరు కలదు. ఆ దారిన పోవు యాత్రికులలో పెక్కుమందికి అది కిటికీలో నుండి కనబడి మఱుగగు ఒక స్టేషను మాత్రమే. ప్రత్తియు మిరపయు పండించుకొను రైతుల పల్లెలు దాని చుట్టును ఉన్నవి. అచ్చటి నుండి ఈశాన్యముగ పోయినకొలదిని చేలు తఱిగి అడవి హెచ్చును. ఆ అడవి దాటిన గోదావరి. గోదావరి ఒడ్డున భద్రాద్రి. ఆ పల్లెల వారికి శ్రీరామచంద్రుడు అడవి కావల కాపురమున్న తమ ఇంటి పెద్ద వంటివాడు. ఇంట పెండ్లి కుదిరిన మొదటి శుభలేఖ ఆయనకు. పంట చేతికి వచ్చిన ముడుపు ఆయనకు. కోపము వచ్చినను అది ఆయన మీదనే వచ్చును. ఈ కడపటి సంగతిని గూర్చియే నేడు కొంత మనవి చేయదలచితిని.

కొన్నేండ్ల క్రిందట ఆ ఊర శ్రీమద్రామాయణ ప్రవచనము చేయుటకై పోయియుంటిని. అరణ్యకాండ నడుచుచుండెను. ఒకనాటి రాత్రి మంగళహారతి ముగిసి, తీర్థప్రసాదములు పుచ్చుకొని అందఱును వెడలిపోయిన పిదప, ఒక నడివయస్సు తల్లి స్తంభము ప్రక్కన నిలిచియుండెను. 2016 వ సంవత్సరమున బోనకల్ మండలములో, రావినూతల మొదలగు గ్రామములలో, డెంగీ జ్వరములు ప్రబలి ఎన్నియో ఇండ్లలో దీపము లారిపోయిన సంగతి ఆ ప్రాంతమువారెవ్వరును మరువలేదు. ఆ యేటి జ్వరములలో ఆమెకు చేతికంది వచ్చిన కుమారుడు దక్కలేదు. ఆమె దగ్గరకు వచ్చి, తల వంచుకొని, ఇట్లనినది:

“సామీ, ఒక మాట అడుగుతా, కోపం చేయొద్దు. నా కొడుకు పోయిన రోజున రాముణ్ణి తిట్టిన. ఉత్తగ కాదు, నోటికొచ్చినట్టు తిట్టిన. ఆ రోజు నుంచి ఇంట్ల దీపం పెట్టలే. నాకు పాపం తగిలిందంటవా?”

నేను చాల సంవత్సరములుగ ప్రవచనములు చేయుచున్నవాడను. ఇట్టి ప్రశ్నకు చెప్పవలసిన సమాధానములు నాలుక చివరనే ఉండును. దేహము నశ్వరమంటిని. ఆత్మకు చావు లేదంటిని. ఎవరి ప్రారబ్ధము వారిదంటిని. ఆమె అన్నిటికిని “అవును సామీ” అనుచు వినినది. చివరకు నమస్కరించి వెడలిపోయినది. ఆ “అవును సామీ” అన్న తీరు నన్ను రాత్రియంతయు నిదురపోనీయలేదు. ఆకలిగొన్న వారికి ధాన్యపు ధర చెప్పి పంపినట్లయినది నా పని. నేను చెప్పినదానిలో అసత్యము లేదు. కాని ఆమె అడిగినది వేఱు. తత్త్వమును ఆమె అడుగలేదు. తిట్టిన నోటికి మరల పిలుచుటకు హక్కు కలదా అని అడిగినది.

మరునాటి ప్రవచనము సాయంకాలము గనుక, ఉదయముననే బయలుదేరి ఖమ్మము మీదుగా నేలకొండపల్లికి పోయితిని. కంచెర్ల గోపన్న, అనగా మన భద్రాచల రామదాసు, పుట్టిన ఊరు అదియే. ఆయన పేర అచ్చట ధ్యానమందిరము నిర్మింపబడియున్నది. ఆ మందిరములో ఒక మూల కూర్చుండి, చిన్ననాటి నుండి వినుచున్న ఆయన కథను మొదటినుండి మరల నెమరువేసికొంటిని. ఎన్ని పర్యాయములో చెప్పిన కథయే. కాని ఆనాడు ఆ తల్లి చెవితో విన్నట్లు విన్నాను.

కథాక్రమము మీరెఱుగనిది కాదు. లింగన్నకును కామాంబకును జన్మించిన గోపన్న, గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా కాలమున, మేనమామలైన అక్కన్న మాదన్నల ప్రాపున పాల్వంచ పరగణాకు తహశీలుదారయ్యెను. పోకల దమ్మక్క అను భక్తురాలు తాటాకు పందిరి క్రింద నుంచి కొలుచుచున్న భద్రాద్రి రామునకు, వసూలైన పన్నుసొమ్ముతో కోవెల కట్టించెను. లెక్క తప్పినదని ప్రభువు ఆయనను గోలకొండ చెఱసాలలో నుంచెను. పండ్రెండేండ్లు అట్లు గడిచినవనియు, పిదప రామలక్ష్మణులు రామోజీ లక్ష్మోజీ అను పేర్లతో వచ్చి ఆరులక్షల సొమ్ము చెల్లించి విడిపించిరనియు పెద్దలు చెప్పుదురు. ప్రభుత్వ ధనమును అనుమతి లేక వ్యయపఱచుట ధర్మమా అని నేటి యువకులు నన్ను అడుగుచుందురు. అడుగదగిన ప్రశ్నయే. దానికి ఆయన పండ్రెండేండ్లు వెల చెల్లించినాడు. ఆ చర్చ నేటికి విడిచెదను.

నన్ను నిలువరించినది, ఈ కథను మనము చెప్పు పద్ధతి. మొదట కోవెల కట్టుట, చివర రామోజీ లక్ష్మోజీలు వచ్చుట. ఈ రెండు ఘట్టములకు నడుమ పండ్రెండేండ్లను రెండు వాక్యములలో దాటింతుము. హరికథలోనైన ఒక శోకరాగపు కీర్తనతో ఆ కాలము గడిచిపోవును. ఆ పండ్రెండేండ్ల లోపలనున్న మనుష్యునకు మాత్రము, చివర ఎవరో వచ్చి సొమ్ము చెల్లింతురని తెలియదు. కథ తెలిసినవారము మనము. ఆయనకు తెలిసినది గోడలు మాత్రమే. నేడును గోలకొండ కోటలో రామదాసు బందిఖానాగా చూపు చోట, ఆయన చెక్కినవని చెప్పబడు మూర్తులు గోడమీద కలవు. రాముడు ఎప్పుడు వచ్చునో తెలియనివాడు గోడమీద రాముని చెక్కుకొన్నాడు. యాత్రికులు అచ్చటికి పోయినపుడు ఒక గడియ మౌనముగ నిలుచుట మంచిది.

ఆయన కథలోనే గంజి గుంట ఘట్టము కలదు. శ్రీరామనవమి సంతర్పణ జరుగుచుండగా, వార్చిన గంజిలో పసివాడైన కుమారుడు పడి మరణించెననియు, భాగవతుల భోజనములు ముగియువరకు ఆ దంపతులు దుఃఖమును దాచుకొనిరనియు, పిమ్మట గోపన్న ఆర్తితో కీర్తింపగా బాలుడు లేచి కూర్చుండెననియు కథకులు చెప్పుదురు. నేనును ఈ ఘట్టమును వేదికలమీద పలుమార్లు చెప్పియుంటిని. వినువారు కన్నీరు పెట్టి, బాలుడు లేవగానే గోవిందనామము పలుకుదురు. ఆ సభలో బిడ్డను పోగొట్టుకొన్న తల్లి యొకతె కూర్చుండియున్నచో, ఆ గోవిందనామము ఆమెకు ఎట్లు వినబడునో ఏనాడును తలపోయలేదు. “ఆయన పిలిచిన పలికినాడు, నేను పిలిచిన పలుకలేదు, నా భక్తి తక్కువయైనదా?” అని ఆమె అనుకొనదా? ఇంకను నొక మాట. దుఃఖమును దాచుకొనుటయే ఆ దంపతుల గొప్పతనమని నేను పొగడుచుండెడివాడను. నేడు అట్లు పొగడను. భోజనముల వేళ దాచుకొన్నది నిజమే. అది అతిథిధర్మము. ఆ వేళ దాటగానే దాచలేదు. పోయి రాముని ముందట మొత్తుకొన్నారు. కథలో బాలుడు లేచినది అటు పిమ్మట. మనకు అనుసరింపదగినది ఆ మొత్తుకొనుట వఱకు మాత్రమే. తరువాతది భగవంతుని చేతిలోనిది. దానిని మనము ఎవరికిని మాట యీయరాదు.

చెఱసాలలో రామదాసు ఏమి చేసెను? జపము చేసెను, ధ్యానము చేసెను అందుము. ఆయన కీర్తనలు చదివినవారికి మఱియొకటి కనబడును. ఆయన లెక్క చెప్పెను! తహశీలుదారు కదా, జీవితమంతయు పద్దులు వ్రాసినవాడు. సీతమ్మకు ఏ పతకము చేయించితిని, భరతునకేది, శత్రుఘ్నునకేది, లక్ష్మణునకేది, నీ కిరీటమునకు పెట్టిన తురాయి ఏది, దేనికెంత సొమ్మైనదని ఒక్కొక్క నగనే ఎత్తి చూపెను. ఆ నగలు పెట్టుకొని ఊరేగుచున్నావే, అది ఎవరి సొమ్మని నిలదీసెను. తండ్రులను మామలను ఎత్తి దెప్పిపొడిచెను. అంతలోనే, ఈ దెబ్బలకు ఓర్వలేక తిట్టితిని, కోపించుకొనకుమని కాళ్ళు పట్టుకొనెను. అదే కీర్తన! నింద ఒక చరణమున, క్షమాపణ మఱుచరణమున. మూడువందల ఏండ్లకు పైబడి మన ఆడపడుచులు ఆ కీర్తనను పూజామందిరములో కూర్చుండి పాడుచున్నారు. భద్రాద్రిలో స్వామి సన్నిధినే పాడుచున్నారు. స్వామిని తిట్టిన పాట స్వామికి సేవాకీర్తనమైనది.

ఇది రామదాసు ఒక్కనికే చెల్లిన చనువని యెవరైన అనవచ్చును. మన పూర్వాచార్యులను చూడుడు. తిరువిందళూరు దివ్యదేశమునకు తిరుమంగై ఆళ్వారు పోయినప్పుడు సన్నిధి తలుపులు మూసియుండెను. ఆళ్వారు ఊరకుండలేదు. నీ అందము నీవే చూచుకొని నీవే సుఖముగ బ్రతుకుమను భావము వచ్చునట్లు ఎత్తిపొడిచెను. ఆ పాశురములు దివ్యప్రబంధములో చేరినవి. కులశేఖరాళ్వారు మఱియు మెత్తని హృదయము కలవాడు. కుమారుని అడవికి పంపిన దశరథుని విలాపమును తన నోటితో పది పాశురములుగ ఏడ్చెను. కన్నబిడ్డ బాల్యమును కన్నులార చూడ నోచుకొనని దేవకీదేవి గోడును మఱి పది పాశురములుగ వెళ్ళబోసెను. ఏడువకుము తల్లీ, అంతయు మాయ యని ఆళ్వారు దేవకికి చెప్పలేదు. ఆమె ప్రక్కన కూర్చుండి, ఆమె గొంతుతో ఏడ్చెను. నేను బోనకల్లులో చేయవలసి చేయలేకపోయిన పని ఇదియే.

మన పోతనామాత్యుని గజేంద్రుడు మాత్రము ఏమి చేసెను? మకరితో బలమున్నంత వఱకు పోరాడెను. బలముడిగిన పిదప, ఉన్నాడు ఉన్నాడు అందురే, ఆయన నిజముగ ఉన్నాడో లేడో యని సంశయించెను. ఆ సంశయమును ఎవరితో చెప్పుకొనెను? ఆయనతోనే! గీతలో భగవానుడు తన్ను భజించువారిని నలుగురిగ ఎన్నుచు ఆర్తుని మొట్టమొదట నిలిపి, నలుగురును ఉదారులే యనెను.

శరణాగతికి ఆఱు అంగములని మన సంప్రదాయము. అందు కార్పణ్యమొకటి. అనగా, నా చేత కాదు, నాకు వేఱు దిక్కు లేదని ఒప్పుకొనుట. మహావిశ్వాసమొకటి, అనగా ఆయన కాపాడునను గట్టి నమ్మకము. ఈ రెండును ఒకచోట ఎట్లు ఉండునో చాలమందికి బోధపడదు. చేత కాదనువాడు క్రుంగిపోవలెను కదా, నమ్మకము కలవాడు ఏడువరాదు కదా యందురు. పొరుగింటి తలుపు ముందు నిలిచి ఎవడును అన్నము పెట్టలేదని తగవులాడడు. తన ఇంటి తలుపు ముందే తగవులాడును. తగవులాటలో కార్పణ్యము కలదు, ఆకలియగుచున్నది గనుక. విశ్వాసమును కలదు, ఇది నా ఇల్లని తెలిసినది గనుక. కష్టములో గుండె నిబ్బరమనగా రాయివలె కదలకుండుట అని నేను అనుకొనెడివాడను. రామదాసు రాయివలె లేడు. దెబ్బకు దెబ్బకు అఱచెను. ఆ అఱపు పోవు దిక్కు మాత్రము పండ్రెండేండ్లును మారలేదు.

మఱియొక విశేషము. స్వామి పలుకకున్నప్పుడు రామదాసు సీతమ్మను ఆశ్రయించెను. ఏకాంతమున నున్న వేళ నా మాట ఆయన చెవిని వేయుమని తల్లిని బ్రతిమాలెను. మన సంప్రదాయమున దీనికి పురుషకారమని పేరు. శ్రీమద్రామాయణము చెఱలోనున్న ఆ తల్లి వైభవమును చాటుటకే పుట్టినదని పిళ్ళై లోకాచార్యులవారు శ్రీవచనభూషణములో అరుళిచ్చిరి. దేవతాస్త్రీలను చెఱ విడిపించుటకై తాను చెఱకు పోయినదని పెద్దల వ్యాఖ్య. గోలకొండ చెఱలోనున్నవాడు లంకలో చెఱనున్న తల్లికి మొఱ పెట్టుకొన్నాడు. భద్రాద్రిలో ఆ తల్లి స్వామికి ఎడమ తొడమీదనే కూర్చుండియుండుటను మీరు సేవించియున్నారు. బిడ్డ మాటను అంత దగ్గఱనుండి చెప్పగల వారు ఎవరు?

ఇంతవఱకు మొఱను గూర్చి చెప్పితిని. మొఱ పెట్టుటతోనే జీవితము నడువదు. ఏడ్చిన పిదప లేచి చేయవలసినది యొకటి ఉండును. దానిని ఆ స్వామియే భద్రాద్రి చెంత అడవులలో చేసి చూపెనని ఆ ప్రాంతపు వారి నమ్మకము. దుమ్ముగూడెము చేరువ పర్ణశాల సీతాపహరణము జరిగిన చోటనియు, భద్రాచలమును ఆనుకొని, నేడు ఆంధ్రప్రదేశ్‌లో చేరియున్న ఏటపాక జటాయువు నేలకూలిన చోటనియు అచ్చట చెప్పుదురు. కాంచీపుర సమీపమున తిరుప్పుట్కుళి దివ్యదేశమునందును జటాయుసంస్కార కథయే స్థలపురాణము. ఏ చోటు నిజమని తగవులాడుట నాకు రుచింపదు. జటాయువు వంటి వాని కొఱకు రెండు చోట్ల కన్నీరు కార్చిన నష్టమేమున్నది?

వాల్మీకి మహర్షి చెప్పిన రాముని చూడుడు. సీతను కానక చెట్టును పుట్టను అడుగును. లేడిని అడుగును. కూలబడి ఏడ్చును. పిదప పట్టరాని కోపము వచ్చి, లోకములన్నిటిని నాశనము చేసెదనని విల్లందుకొనును. సాక్షాద్భగవదవతారము! శోకములో తిట్టిన తల్లి పాపాత్మురాలైనచో, లోకములనే కాల్చెదనన్న ఈయనను ఏమనవలెను? లక్ష్మణుడు ఆయన కోపమును తప్పుపట్టి దూరముగ పోలేదు. దగ్గఱ నిలిచి, మెత్తని మాటలతో అనునయించి, వెదకుదము రమ్మని నడిపించెను. ఆ నడకలో జటాయువు కనబడెను. రెక్కలు తెగి, ప్రాణము కంఠగతమైయున్న వృద్ధుడు. సీత వార్త చెప్పుచుండగనే ప్రాణము విడిచెను.

అప్పుడు రాముడు చేసిన పనియే నేను మీ యెదుట నిలుపదలచినది. సీత జాడ ఇప్పుడే కొంత తెలిసినది, క్షణమాలస్యము చేయక దక్షిణముగ పరుగెత్తవలసిన వేళ. ఆయన పరుగెత్తలేదు. సీత పోయిన దుఃఖముకన్న నా కొఱకు చచ్చిన ఈ పక్షిని చూచిన దుఃఖము హెచ్చుగ నున్నదని తమ్మునితో ననెను. కట్టెలు తెప్పించెను. చితి పేర్చెను. తండ్రికి చేయునట్లు స్వహస్తములతో దహనము చేసి, పిండము పెట్టి, గోదావరికి పోయి తిలోదకము లిచ్చెను. తన తండ్రికి అగ్నిసంస్కారము చేయు భాగ్యము ఆయనకు కలుగలేదు. ఆ ఋణమును ఈ పక్షికి తీర్చెను. తన ఇల్లు తగులబడుచుండగ పొరుగువాని శవమును మోసినవాడు మన దేవుడు. గోదావరిలో మునిగి లేచిన పిదప ఆయన కాళ్ళకు నడక వచ్చెను. కబంధుడు, శబరి, ఋశ్యమూకము, వానరసేన, సేతువు — అంతయు ఆ స్నానమునకు ఆవలనే ఉన్నది.

ఆ గోదావరియే 1986 వ సంవత్సరము ఆగస్టు మాసమున భద్రాచలము వద్ద 75.6 అడుగులకు లేచెను. మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇత్తురన్న, ఆ వరద ఎట్టిదో ఊహించుకొనుడు. ఇండ్లు, పశువులు, ధాన్యము, అన్నియు పోయినవి. నీరు తీసిన పిదప ఇల్లు చేరుకొన్నవారు మొదట చేసినది బురద ఎత్తిపోయుట. తన వాకిలి అయిన వెంటనే ప్రక్కవాని వాకిలి. పిమ్మటి కాలమున ఊరికి కరకట్ట కట్టబడినది. 2022 జూలైలో నది మరల 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఆ కట్ట అడ్డు నిలిచినది. 2024 సెప్టెంబరు 1 వ తేదీన ఖమ్మములో మున్నేరు పొంగి ఒడ్డునున్న కాలనీలను ముంచినప్పుడును చీపుళ్ళు, పారలు పట్టుకొని ఎరుగని ఇండ్లలో బురద తీసినవారు ఎందఱో. స్వామికి మొఱ పెట్టుకొనుటయు, కట్ట కట్టుకొనుటయు ఒకదానికొకటి విరోధము కాదు. రాముడు ఏడ్చినాడు, సేతువును కట్టినాడు.

బోనకల్లు జ్వరముల విషయమునను ఇట్లే. డెంగీ దోమ మురుగుకన్న నిలువయుంచిన మంచినీటిలో హెచ్చుగ పుట్టును, పగటిపూట కుట్టును. గ్రుడ్డు దోమయగుటకు వారము పదిదినములు పట్టును. కావున వారమునకొకసారి తొట్లు, గోలెములు, పూలకుండీల పళ్ళెములు, పాత టైర్లు ఒంపి, తోమి, ఆఱబెట్టవలెను. శుక్రవారము వాకిలి అలికి ముగ్గుపెట్టు ఇల్లాలు, ఆ చేతితోనే నీటితొట్టిని బోర్లించినచో, అదియు కైంకర్యమే యని నా అభిప్రాయము. ఇరుగుపొరుగు బిడ్డను కాపాడు పనికన్న పెద్ద పుష్పార్చన ఏమున్నది? ఒక సంగతి మఱువరాదు. బిడ్డలను పోగొట్టుకొన్నవారిలో కొందఱు మాసములు గడిచినను నిదురపట్టక, అన్నము సహింపక, బ్రతుకుమీద ఆశ వదలుకొందురు. అట్టివారిని వైద్యుని వద్దకు తోడుకొనిపోవలెను. భక్తి చాలక ఇట్లయినదని వారిని దెప్పుట మహాపచారము. జటాయువు రెక్కలకు తగిలినది గాయమే కాని భక్తిలోపము కాదు కదా.

ఇక పరామర్శకు పోవు బంధువులకు ఒక మనవి. మొదటి దినముననే వేదాంతము చెప్పకుడు. నాకు ఆ చాపల్యము కలదు గనుకనే చెప్పుచున్నాను. ఒక చెంబెడు మజ్జిగ తీసికొనిపోవుడు. వారింటి పశువులకు గడ్డి వేయుడు. పోయినవారి పేరు పలుకుటకు భయపడకుడు. ఆ పేరు ఇంకొకరి నోట వినుటకే ఆ తల్లి చెవులు కాచుకొనియుండును. ఆమె దేవుని తిట్టినచో, చెవులు మూసికొని లేచిరాకుడు. తిట్టు వినుటకు తగినవానికే అది పోవుచున్నది. మధ్యలో మనమెవరము?

నేలకొండపల్లి నుండి తిరిగివచ్చిన నాటి సాయంకాలము, కథాభాగము శబరి వద్దకు రావలసియుండగా, నేను వెనుకకు మఱలి జటాయుఘట్టమునే మరల చెప్పితిని. సభలో కొందఱు ఆశ్చర్యపడిరి. ఆ తల్లి ఆనాడు వచ్చినదో లేదో చీకటిలో కానరాలేదు. ప్రవచనము ముగిసిన పిదప ఆమె ఇల్లు తెలిసికొని, ఒక పెద్దమనిషిని తోడు తీసికొని పోయితిని. వాకిట మంచము వేసినది. మంచినీళ్ళిచ్చినది. నేను, “అమ్మా, నిన్న నేను నీకు సరిగ చెప్పలేదు. నీకు పాపము తగులలేదు. నీవు తిట్టినది ఆయన విన్నాడు. ఇంకను తిట్టవలసినది ఉన్నచో, దీపము వెలిగించి, ఆయన ముఖము చూచుచు తిట్టుము. చీకటిలో వలదు” అంటిని. ఆమె ఏమియు ననలేదు. కొంతసేపటికి లోపలికి పోయి, కుమారుని ఛాయాచిత్రము తెచ్చి చూపినది. వాని పేరు, వాడు చదివిన చదువు, వానికి ఇష్టమైన కూర, అన్నియు చెప్పినది. మేము లేచి వచ్చుసరికి రాత్రి చాల పొద్దుపోయెను.

మఱుసటి సంవత్సరము శ్రీరామనవమి వెళ్ళిన కొలదిదినములకు, వేఱొక పనిమీద పోవుచు బోనకల్లు స్టేషనులో బండి కొఱకు వేచియుంటిని. ఆమెయే నన్ను గుర్తించి దగ్గఱకు వచ్చినది. ఊరి ఆడవారితో కలిసి భద్రాద్రి కళ్యాణమునకు పోయి వచ్చినదట. కొంగున ముడివేసి తెచ్చిన తలంబ్రాలలో నాలుగు గింజలు నా చేతిలో పోసినది.

“దీపము పెట్టుచున్నావా తల్లీ?” అని అడిగితిని.

“పెడుతున్న సామీ. పెట్టినప్పుడల్లా రెండు మాటలు అననిదే ఊకుంటలే. ఆయన కూడ వినుకుంట కూసుంటడు” అనినది. పిదప, మాటలో మాటగా, వారి వీధిలోని ఒక పసివానికి జ్వరము వచ్చిన నాడు తానే ఎత్తుకొని ఆసుపత్రికి పోయితిననియు, మూడు రాత్రులు వాని తల్లికి తోడుగ కూర్చుంటిననియు, బిడ్డ కోలుకొన్నాడనియు చెప్పినది. నేను మాట వెదకుకొనుచుండగా ఆమెయే మరల అడిగినది:

“సుందరకాండ ఎప్పుడు చెప్తవు సామీ? పోయినసారి శబరి కాడ ఆపి పోతివి.”

బండి వచ్చుచున్నదని గంట కొట్టిరి. వచ్చు మాఘమాసమున వచ్చెదనని ఆమెకు మాట యిచ్చితిని.